ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ పాడైనదొస్తే కేసు ఎవరి మీద వేయాలి?

అందరికీ నమస్కారం. అమ్మ కోసం ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలు పెట్టి మిక్సీ కొన్నాను. డబ్బా విప్పితే పెద్ద జారు అడుగున పగులు, బ్లేడు చుట్టూ తుప్పు. ఎవరో వాడి వాపస్ ఇచ్చిందే మాకు అంటగట్టినట్టుంది. వెబ్‌సైటువాళ్లేమో అమ్మినవాళ్లను అడగమంటున్నారు, అమ్మినవాళ్లు ఫోనే ఎత్తరు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నలభై రోజులైంది! జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాళ్లు ఎక్కడున్నా మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. అది ఊరటే. కానీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలా? ఫోన్‌లో తీసిన వీడియోకి సర్టిఫికెట్ ఏమైనా జతచేయాలా? ఈ-జాగృతిలో (వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ప్రభుత్వ పోర్టల్) సొంతంగా దాఖలు చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.