డిష్‌వాషర్‌కి సోలార్ వేడి నీళ్లు ఇవ్వొచ్చా?

ప్రశ్న (నిజాంపేట, హైదరాబాద్):
మేడ మీద 200 లీటర్ల సోలార్ హీటర్ ఉంది. నలుగురం స్నానాలు చేసినా సాయంత్రానికి నీళ్లు మళ్లీ కాగి ఉంటాయి. ఆ లైను వంటింటి సింక్ దాకా వస్తుంది. కిందటి నెల డిష్‌వాషర్ కొంటే, బిగించిన అబ్బాయి చన్నీళ్లకే కలిపాడు. పైన అన్ని వేడి నీళ్లు పెట్టుకుని కింద కరెంటుతో కాచుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మార్పిస్తే బిల్లు తగ్గుతుందా? మిషన్ పాడవుతుందేమోనని టెన్షన్ కూడా ఉంది.

జవాబు (విజయవాడ):
నేనూ మీలాగే అనుకుని లెక్కలు వేశానండీ. ముందు మాన్యువల్ చూడండి. చాలా మిషన్లు 60 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. మే నెలలో సోలార్ నీళ్లు 70 దాటొచ్చు. చన్నీళ్లు కలిపే వాల్వ్ లేకుండా ఇవ్వకండి.

ఇక లాభం సంగతి. మిషన్ 3, 4 లీటర్లు పట్టి, వాటినే తిప్పి తిప్పి కొట్టి, పారబోసి మళ్లీ పడుతుంది. మొత్తం 10, 12 లీటర్లు. మామూలుగా వాటిని కాచేది రెండుసార్లే: సబ్బు పడ్డాక ఒకసారి, చివరి జాడింపుకి ఒకసారి. ఆ చివరి వేడితోనే గిన్నెలు ఆరతాయి. మిగతా జాడింపులకు వేడి అక్కర్లేదు. 4 లీటర్లను 28 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి యూనిట్‌లో ఎనిమిదో వంతు చాలు. గిన్నెలు, లోపలి స్టీలు తొట్టె వేడెక్కడానికి ఇంకొంత.

అసలు చిక్కు పైపులో ఉంది. 20 మీటర్ల అర అంగుళం పైపులో రెండున్నర లీటర్ల చల్లారిన నీళ్లు నిలిచి ఉంటాయి. ముందు లోపలికి పోయేవి అవే. మళ్లీ నీళ్లు పట్టే వేళకి పైపు ఇంకోసారి చల్లారుతుంది.

పాలు, గుడ్డు అంటిన గిన్నెల మీద మొదటే బాగా వేడి నీళ్లు పడితే అట్టకట్టేస్తుంది. నీళ్లు మెల్లగా వేడెక్కితేనే డిటర్జెంట్‌లోని ఎంజైములకు పని చేసే టైమ్ దొరుకుతుంది. ఎకో, అంటే కరెంటు ఆదా చేసే ప్రోగ్రామ్‌లో, మిషన్ వేడి తగ్గించి ఎక్కువసేపు నానబెడుతుంది కాబట్టే మూడు గంటలు పట్టినా కరెంటు తక్కువ తింటుంది.

జవాబు (డల్లాస్):
ఇక్కడ ఎక్కువగా వేడి నీళ్ల పైపుకే కలుపుతారు. హీటర్‌ని 120 ఫారెన్‌హీట్‌లో, అంటే 49 డిగ్రీల దగ్గర పెట్టుకున్నాం. పైపు సమస్య మాకూ ఉంది. అందుకే మిషన్ వేసే ముందు సింక్‌లో వేడి నీళ్లు వచ్చేదాకా కుళాయి వదులుతాను. ఆ నీళ్లు గిన్నెలో పట్టి కూరగాయలు కడుక్కుంటాను, పారబోయను.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే బకెట్ పెట్టి చూశాను. వేడి నీళ్లు రావడానికి 3 లీటర్లు పోయాయి! మిషన్ మొదటిసారి పట్టేవి దాదాపు అన్నే కదా. ఇక లైను మార్చను. రాత్రి గిన్నెలు నిండుగా సర్ది ఎకోలో వేస్తాను. ఇనప మూకుడు, దోసె పెనం ఎలాగూ మిషన్‌లో పెట్టను, సోలార్ నీళ్లు వాటికి వాడతాను.