కారు ఇంజిన్ వేడితో వంట: పొట్లం ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. వచ్చే వారం నాలుగైదు గంటలు ఏకబిగిన కారు నడపాలి. దారిలోనే ఇంజిన్ వేడితో భోజనం వండుకోవాలని నాకు చాలా రోజులుగా కోరిక. పెట్రోలులోని శక్తిలో సగానికి పైగా వేడిగానే బయటికి పోతుంది, అదంతా వృథా అవుతుంటే మనసొప్పదు.

మొన్న ఒకసారి ప్రయత్నించాను. బంగాళాదుంప, క్యారెట్ ముక్కలకు ఉప్పు, నూనె పట్టించి, అల్యూమినియం ఫాయిల్ మూడు పొరలు చుట్టాను. ఇంజిన్ మీది ప్లాస్టిక్ మూత తీసేసి, దాని కింద ఇంజిన్ పైభాగాన్ని మూసి ఉంచే వాల్వ్ కవర్ పైన పెట్టాను. గంటన్నర నడిపాక చూస్తే క్యారెట్ కాస్త మెత్తబడింది, దుంప మాత్రం పచ్చిగానే ఉంది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) దాదాపు 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఇంజిన్ పైభాగం అంతకు మించి పెద్దగా కాగదని తర్వాత తట్టింది. ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అయితే వందల డిగ్రీలకు చేరుతుంది. అక్కడ పెడితే అడుగు మాడిపోయి లోపల ఉడకదేమోనని టెన్షన్.

మానిఫోల్డ్ మీదుండే హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) పైన పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పొట్లం జారి ఫ్యాన్‌లోనో బెల్టులోనో పడకుండా దేనితో బిగించారు? నూనె కారి వేడి గొట్టం మీద పడితే మంట అంటుకోవచ్చు, నాకు అసలు భయం అదే.

చికెన్ కూడా వండాలని ఉంది. లోపల 74 డిగ్రీలు వచ్చిందో లేదో చూడటానికి థర్మామీటర్ ఉంది. ముక్కలు ఎంత సన్నగా కోయాలి, ఎన్ని గంటలు పడుతుంది? స్వయంగా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.