భయానక చిత్రాలలో నల్లవారు: ఈ ‘లో’తో వచ్చిన చిక్కు

మొదటి టపా

అమెరికా భయానక చిత్రాలలో ప్రధాన పాత్రలు ఎవరికి దక్కాయి, ఎవరికి దక్కలేదు అన్న విషయం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మూలం కష్టమైనది కాదు. అయినా మూడు రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను.

రాబిన్ మీన్స్ కోల్‌మన్ అనే పరిశోధకురాలు 2011లో వచ్చిన తన పుస్తకంలో ఈ చిత్రాలను రెండుగా విడదీశారు. నల్లజాతివారు కనిపించే భయానక చిత్రాలు ఒక రకం. నల్లజాతివారి బతుకులోంచి, చరిత్రలోంచి పుట్టిన భయానక చిత్రాలు మరో రకం. నేను వీటిని ‘భయానక చిత్రాలలో నల్లవారు’, ‘నల్లవారి భయానక చిత్రాలు’ అని రాసుకున్నాను. మొదటిది సప్తమి, రెండోది షష్ఠి. ఇంత తేడాను తెలుగు ఒక్క విభక్తితో చూపగలిగిందని సంతోషించాను కూడా.

చిక్కు ఆ తరువాతి వాక్యంలో వచ్చింది. నల్ల నటులకు ప్రధాన పాత్రలు రావాలన్న వాదన మొత్తాన్ని పత్రికల అలవాటు ప్రకారం ‘ప్రాతినిధ్యం’ అనేశాను. చదివి చూసుకుంటే మాట తేలిపోతోంది. ప్రతినిధి అంటే పదిమందికి బదులుగా నిలబడే ఒక్కడు. సభలో ఒక్కడున్నా ప్రాతినిధ్యం ఉన్నట్లే. ఆ లెక్కన హాలీవుడ్ భయానక చిత్రాలలో నల్లవారికి ప్రాతినిధ్యం చాలాకాలంగా ఉంది. మిత్రుడిగానో, పోలీసుగానో ఒకరు ఉంటారు, కథానాయకుడికి ప్రమాదం ఎంత పెద్దదో ప్రేక్షకుడికి తెలియడానికి ముందుగా చనిపోతారు. 1997 నాటి ‘స్క్రీమ్ 2’ మొదటి ఘట్టంలో, భయానక చిత్రాలు నల్లవారిని పట్టించుకోవని థియేటర్ దగ్గర వాదించిన నల్ల యువతి, ఆమెతో వచ్చిన యువకుడు ఇద్దరూ హతమైపోతారు. వారూ సినిమాలో ఉన్నారు. ఆ ‘లో’ దగ్గరే ఆగిపోయిన ఉనికికి ‘ప్రాతినిధ్యం’ అన్న గౌరవమైన పేరు పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మరో మాట చెప్పగలరా?

జవాబు

చిన్న సవరణ. చిన్నయసూరి లెక్కలో ‘లోన్’ సప్తమి కాదు, షష్ఠి. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని చిన్నప్పుడు అందరం వల్లించిందే. సప్తమికి ‘అందున్, ఇందున్, నన్’. ఇప్పటి వాడుకలో చోటును చెప్పడానికి ‘లో’ వస్తోంది కనుక మీరు పొరబడటం సహజం. ‘లోన్’కు ముఖ్యమైన పని ఒకటుంది, నిర్ధారణ. ఒక గుంపులోంచి ఒకరిని వేరు చేసి చూపడం. ‘కవులలో ఇతడు ఘనుడు’ అన్నప్పటి ‘లో’ అది. ఒక పాత్రకు ఒక నటుణ్ని ఎంచుకోవడం కూడా నిర్ధారణే కదా. మీ వ్యాసానికి పనికి వస్తుందేమో చూడండి.

నా సమాధానం

మాస్టారూ, నమస్కారం. సవరణ ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పిన నిర్ధారణ ఈ చరిత్రలోని ముఖ్యమైన ఘట్టానికి అచ్చంగా సరిపోతుంది.

1968 నాటి ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో ప్రధాన పాత్ర బెన్. పాత్ర రాసినప్పుడు అతడు నల్లవాడని ఎవరూ అనుకోలేదు. డ్యూయేన్ జోన్స్‌ను ఎందుకు తీసుకున్నారని అడిగినప్పుడల్లా దర్శకుడు జార్జ్ రొమేరో ఒకే మాట చెప్పేవారు: పరీక్షకు వచ్చినవారిలో అతడే బాగా చేశాడు. వచ్చినవారిలో! శుద్ధమైన నిర్ధారణ షష్ఠి. చిత్రంలో ఎవరూ బెన్ రంగు గురించి ఒక్క మాట అనరు. ఇంటి తలుపులకు చెక్కలు కొట్టేది అతడు, ఏం చేయాలో నిర్ణయించేది అతడు, రాత్రంతా నడిచే శవాలతో పోరాడి చివరికి ప్రాణంతో మిగిలేదీ అతడే. తెల్లవారాక వెతుకుతూ వచ్చిన తెల్లవారి దండు అతణ్ని కూడా శవమనుకుని కాల్చేస్తుంది.

ఎంపిక చేసినవారు రంగు చూడలేదు. తెర ముందు కూర్చున్నవారు చూడకుండా ఎలా ఉంటారు? ఆ ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది, చిత్రం అక్టోబరులో విడుదలైంది. అప్పటికి చిత్రీకరణ ఎప్పుడో పూర్తయింది. అయినా నటుడు జోన్స్ కావడంతో ఆ చివరి తూటా అర్థమే మారిపోయింది. ఎవరిని తీసుకున్నా కథ ఒకటే అనేవారికి నేను చూపించేది ఈ ఒక్క తూటానే.

మరో జవాబు

మరి 2019లో నల్లజాతి దర్శకుడు జోర్డన్ పీల్ అన్నమాట సంగతి? తన చిత్రాలలో ప్రధాన పాత్రకు తెల్లవాణ్ని తీసుకోవడం ఊహకు రాదని, ఆ సినిమా తాను చూసేశానని అన్నారు. ఇది నిర్ధారణ కాదు, ముందే తలుపు మూయడం. బాగా చేసినవాడికి పాత్ర అన్న రొమేరో పద్ధతే న్యాయంగా లేదా?

నా సమాధానం

న్యాయంగా ఉన్నట్లే కనబడుతుంది. కానీ నిర్ధారణ చేయాలంటే ముందు ఒక గుంపు ఉండాలి. ‘వచ్చినవారిలో’ అన్నప్పుడు అసలు ఎవరిని రానిచ్చారన్న ప్రశ్న ‘లో’కు ముందే తేలిపోయి ఉంటుంది. డ్యూయేన్ జోన్స్‌ను పరీక్షించి చూశారు కాబట్టి ఆ పాత్ర ఆయనకు వచ్చింది. ఆయనలాంటివారిని పిలవాలన్న ఆలోచనే రాని చిత్రాలు ఎన్నో. ఆ మూసిన తలుపుల గురించి ఎవరూ ప్రకటన చేయనక్కరలేకపోయింది, అలవాటే ఆ పని చేసింది. పీల్ మాత్రం తన ఎంపికను బయటికి చెప్పారు. అందుకే అది కొందరికి కటువుగా వినిపించింది. ఇక ‘ఆ సినిమా చూసేశాను’ అన్నది ద్వేషం చెప్పే వాక్యమని నేను అనుకోను. ‘చూశాను’కూ ‘చూసేశాను’కూ తేడా మనకు తెలుసు. ఇక అందులో చూడవలసింది మిగల్లేదని రెండోదానికి అర్థం.

మరో జవాబు

రంగు మాట వచ్చింది కనుక. నాట్యశాస్త్రం రసాలకు వర్ణాలు చెప్పింది. వీరానికి గౌరం, భయానకానికి కృష్ణం. నాయకుడు తెల్లగా, భయం నల్లగా అన్న ఊహ మన అలంకారికులలోనూ ఉన్నట్లే కదా?

నా సమాధానం

అలా చదవడానికి నేను ఒప్పుకోలేను. అవి రసాల వర్ణాలు, మనుషుల ఒంటి రంగులు కావు. అదే పట్టికలో శృంగారానికి శ్యామం ఉంది. గోపికలు పొదల మాటున వెతుక్కున్నవాణ్ని పోతన ‘నల్లనివాడు పద్మనయనంబులవాడు’ అని మొదలుపెట్టాడు. అక్కడ నలుపు ముందు, కన్నులు తరువాత.

అయితే మీ జవాబు చదువుతుండగానే నాకు కావలసిన మాట దొరికింది. నాయకుడు, నేత, నయనం మూడూ ‘నీ’ ధాతువు నుంచే వచ్చాయి. నీ అంటే తీసుకుపోవడం, నడిపించడం. నడిపించేవాడు నాయకుడు, నడిపించేది కన్ను. భయానక చిత్రానికి ఇంతకంటే మంచి నిర్వచనం ఉండదు. చీకటి గదిలోకి మనం ఎవరి కన్నులతో చూస్తామో వారే నాయకులు.

పీల్ 2017లో తీసిన ‘గెట్ అవుట్’ను ఇలా చూడండి. క్రిస్ ఒక నల్లజాతి ఛాయాగ్రాహకుడు, డేనియల్ కలూయా ఆ పాత్ర చేశారు. అంధుడైన కళా వ్యాపారికి అతడి కన్నులు కావాలి. వ్యాపారి మెదడును క్రిస్ తలలోకి మార్చే శస్త్రచికిత్స జరిగితే క్రిస్ శరీరాన్ని ఆ వ్యాపారి నడుపుతాడు, క్రిస్ చైతన్యం లోపలెక్కడో మునిగి, తన కన్నుల్లోంచే దూరంగా చూస్తూ ఉండిపోతుంది. చిత్రంలో ‘సంకెన్ ప్లేస్’ అనే ఆ చోటును నేను పాతాళం అనడం లేదు, అగాధం అంటున్నాను, కాలు ఆనని లోతు కనుక. తన ఒంటిలో తానే ఉండి కూడా నడిపేవాడు కాకపోవడం! మొదటి టపాలో ‘లో’ గురించి నేను చెప్పలేకపోయినది ఇదే. ఆ కథ రాసినందుకు పీల్‌కు 2018లో ఉత్తమ స్వతంత్ర రచనకు ఆస్కార్ వచ్చింది. ఆ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి రచయిత ఆయనే.

ఒక పేరు గురించి కూడా చెప్పాలి. ‘ద గర్ల్ విత్ ఆల్ ద గిఫ్ట్స్’ అనే బ్రిటిష్ భయానక నవలలో పాప పేరు మెలనీ. ఆ పేరుకు గ్రీకులో నల్లపిల్ల అని అర్థమని, పాప మాత్రం తెల్లగా ఉంటుందని రచయిత మొదట్లోనే చెబుతాడు. నల్లజాతి స్త్రీ ఆమెకు ఉపాధ్యాయురాలు. 2016లో చిత్రం తీసినప్పుడు రంగులు తారుమారయ్యాయి. ఉపాధ్యాయురాలు తెల్లజాతి నటి, మెలనీగా సెన్నియా నానువా అనే నల్లజాతి బాలిక. పేరు దాని అర్థాన్ని చేరుకుంది, కథను నడిపే కన్నులూ ఆమెవే అయ్యాయి.

‘ప్రాతినిధ్యం’ కొట్టేశాను. వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: ‘భయానక చిత్రాలలో నల్లవారు మొదటి నుంచీ ఉన్నారు; వారి కన్నులతో మనం భయపడటం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.’ ‘కన్నులతో’ అన్న తృతీయ ఇక్కడ సరిపోయిందా, ‘కన్నులలోంచి’ అనాలా? మాస్టారు చెబితే అదే ఉంచుతాను.