కథలో లీనం కాలేకపోతున్నాను, మీ సంగతేంటి?

బెజవాడ పాఠకురాలు
ఇంటర్ చదివే రోజుల్లో వారపత్రిక వచ్చిందంటే సీరియల్ ఎవరు ముందు చదవాలని మా అక్కకీ నాకూ పోట్లాట. కంచంలో అన్నం చల్లారిపోయినా తెలిసేది కాదు. ఇప్పుడు మంచి కథ అని ఎవరైనా పంపితే ఫోన్లో తెరుస్తాను, రెండు పేరాలు కాగానే వేలు వేరే దాని మీదకి పోతుంది. కథలు మారాయా, నేను మారానా, చదివే పద్ధతి మారిందా? కాగితానికీ ఫోన్‌కీ మీకు తేడా తెలుస్తోందా? ముగింపు ముందే తెలిస్తే చదవాలనిపిస్తుందా? ఇంకొకటి, మా బాబుకి ఎనిమిదేళ్ళు. కథ చెబితే కూర్చోడు, వీడియో పెడితే కదలడు. వాణ్ని కథలోకి ఎలా తేవాలి?

మొన్న ఒక రాయలసీమ కథల పుస్తకం కూడా కొన్నాను. అందరూ గొప్పగా చెప్పారు. యాస వల్ల మాటమాటకీ ఆగాల్సి వచ్చి రెండో కథలోనే పక్కన పెట్టాను. మామూలు తెలుగులో రాస్తే ఇంకా ఎక్కువమంది చదువుతారు కదా.

కాగితం మనిషి
తేడా కచ్చితంగా ఉంది. ఫోన్లో చదివిన కథలో ఏ సంగతి ముందు, ఏది వెనక అన్నది నాకు గుర్తుండదు. పుస్తకంలో అయితే ఆ సంభాషణ ఎడమ పేజీలో కింద ఉందని కూడా గుర్తుంటుంది. కథ చదివేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెడతాను, సైలెంట్‌లో పెట్టడం చాలదు. కంటికి కనబడుతుంటే చాలు, మనసు అటే లాగుతుంది. పెద్ద కథ అయితే జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుంటాను. ఖర్చే, కానీ చివరిదాకా చదువుతాను.

పీలేరు అబ్బి
"మామూలు తెలుగు" అంటే ఏదక్కా? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో మాట్లాడేది మామూలు, మేము మాట్లాడేది యాసనా? మా బడి పుస్తకాల్లో మా అమ్మ మాట ఒక్కటీ లేదు. ఆరో తరగతిలో నాకూ మీ తెలుగు మాటమాటకీ అడ్డం పడింది. పుస్తకం పక్కన పెట్టే వీలు నాకు లేదు, పరీక్ష ఉంది. చదవగా చదవగా అలవాటైంది. అంతే తేడా. మా కథకి మీరు రెండో కథ పూర్తయ్యేదాకా కూడా టైమ్ ఇవ్వలేదు.

కథన పరిశోధకుడు
ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కథలో మునిగిపోవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో ఒక ప్రయాణంగా చూస్తారు. గ్రీన్, బ్రాక్ అనే ఇద్దరు 2000లో దాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. ధ్యాస, మనసులో కట్టుకునే బొమ్మలు, భావోద్వేగం, ఈ మూడూ కలిస్తేనే పాఠకుడు కథలోకి వెళ్తాడు. అలా వెళ్ళినవాళ్ళు కథలోని నమ్మకాలను కూడా ఎక్కువగా ఒప్పుకున్నారు. శారదగారో ఎవరో, ప్రశ్న వేసినవారి సమస్య ధ్యాస దగ్గరే ఉంది. ముగింపు సంగతికొస్తే, 2011లో కాలిఫోర్నియాలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ చేసిన ప్రయోగంలో ముగింపు ముందే తెలిసినవాళ్ళకే కథలు కాస్త ఎక్కువ నచ్చాయి. కాబట్టి ఆ ప్రశ్న తేలిపోయినట్టే.

బెజవాడ పాఠకురాలు
@కథన పరిశోధకుడు నా పేరు శారద కాదండీ. బాబు సంగతి మీరు చెప్పనే లేదు.

సీరియల్ అభిమాని
తేలిపోవడమేంటండీ! మా ఆఫీసులో ఒకాయన నేను చదువుతున్న డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో టీ తాగుతూ చెప్పేశాడు. మిగతా పేజీలు తిరగెయ్యబుద్ధి కాలేదు. ప్రయోగాలు ఏమన్నా చెప్పనివ్వండి, అపరాధ పరిశోధన నవలలో ముగింపే సరుకు. అసలు సీరియల్ బలమే వారం రోజుల ఆగడంలో ఉంది. హీరోయిన్ తలుపు తీసిందంటే అవతల ఎవరున్నారో వచ్చే వారం దాకా తెలియదు. ఆ వారమంతా మనమే పది రకాలుగా కథ అల్లుకుంటాం. ఇప్పుడు అన్నీ ఒకేసారి చేతిలో పెడుతున్నారు, అల్లుకునే సందే లేదు.

కరీంనగర్ బిడ్డ
పీలేరు అన్న చెప్పింది వంద శాతం నిజం. మా మాటని సినిమాల్లో ఏళ్ళకేళ్ళు కామెడీకి, రౌడీలకి పెట్టిన్రు. అది విని పెరిగినోళ్ళకి మా భాషల ఏడుపు కథ చదివితే ఏడుపు ఎట్లొస్తది? చెవి ముందే నవ్వుకు తయారై ఉంటది. కథలోకి పోలేకపోవడానికి అదొక పెద్ద కారణం, దాన్ని ఎవ్వరూ ఒప్పుకోరు.

మా ఊర్ల మల్లన్న కథ ఒగ్గోళ్ళు చెప్తే రాత్రంతా కూసునేటోళ్ళం. డోలు, తాళాలు, నడుమ ఒగ్గు అనే చిన్న డమరుకం. చెప్పేటాయన ఒక్క క్షణంల తల్లి అయితడు, ఇంకో క్షణంల కొడుకైతడు. కథ ఊరందరికీ తెలిసిందే. అయినా మా నాయనమ్మ అదే చోట, ప్రతిసారీ కండ్లు తుడుచుకునేది. ముగింపు తెలిస్తే మజా పోతదనేటోళ్ళు ఒక్కసారి ఒగ్గుకథకు పోయి రండ్రి.

పుస్తకప్రియ
భాష మీద గౌరవం వేరు, చదివే సౌకర్యం వేరు. నాకు తెలియని మాటలు పేజీకి పది ఉంటే కథ ఎలా ముందుకెళ్తుంది? వెనకాల పదాల పట్టిక అయినా ఇవ్వొచ్చుగా. పాఠకుల్ని పోగొట్టుకుని తర్వాత చదవట్లేదని బాధపడితే ఏం లాభం?

పీలేరు అబ్బి
@పుస్తకప్రియ పట్టిక మీరు గోదావరి కథలకి ఎప్పుడన్నా అడిగినారా? వ్యావహారికంలో రాయాలని గిడుగు రామమూర్తి పంతులు పోరాడినప్పుడు పండితులు కూడా గ్రామ్యం గ్రామ్యం అనే తోసిపుచ్చినారు. అప్పుడు వాళ్ళు మీ మాటల్ని అన్నారు. ఇప్పుడు మీరు మా మాటల్ని అంటా ఉండారు.

పుస్తకప్రియ
నేను గ్రామ్యం అన్నానా? ఎక్కడన్నానో చూపించండి! అర్థం కాలేదంటే అవమానించినట్టు కాదు.

కరీంనగర్ బిడ్డ
అన్లేదు, పట్టిక అడిగిన్రు. మాక్కూడా ఇస్తరా మరి? 'చూస్తాండి', 'వెళ్ళొస్తానండి' లాంటివన్నీ రాసి ఇయ్యండి.

నిర్వాహకులు
మాండలికం చర్చ కావాలంటే విడిగా మొదలుపెట్టండి. ఇక్కడ వ్యక్తిగతంగా పోవద్దు.

మిషన్ పని అక్క
నేను గుంటూరులో బట్టలు కుడతాను. చదవడానికి టైమ్ ఉండదు కాబట్టి అన్నీ వింటాను. ఫాల్ కుట్టేటప్పుడు, చేత్తో హెమ్మింగ్ చేసేటప్పుడు కథ బ్రహ్మాండంగా ఎక్కుతుంది. కటింగ్ దగ్గర మాత్రం ఆపేస్తాను, కొలతా కథా రెండూ ఒకేసారి తలలో ఉండవు. చేతులకి అలవాటైన పని ఉంటే మనసు కథ మీద ఇంకా బాగా నిలబడుతుంది. ఊరికే కూర్చుని వింటే నాకు నిద్ర వస్తుంది. ఒక నవల విన్నాక మా కస్టమర్ ఒకావిడతో గంట మాట్లాడాను, ఆవిడ అచ్చు పుస్తకం చదివింది. ఇద్దరికీ ఒకే చోట కోపం వచ్చింది.

యాస సంగతి కూడా చెబుతాను. చదివి చదవలేక వదిలేసిన సీమ కథే ఎవరో చదవగా వింటే ఇట్టే అర్థమైంది. గొంతులో ఏ మాట కోపమో, ఏది వేళాకోళమో తెలిసిపోతుంది.

పుస్తకప్రియ
వినడాన్ని చదవడంతో సమానం చేయకండి. చదివేవాడు తనే గొంతులు, ముఖాలు కల్పించుకుంటాడు. వినేవాడికి వేరేవాళ్ళు సగం పని చేసి పెడతారు.

మిషన్ పని అక్క
నేను కథ మొత్తం విని, మనుషుల పేర్లు, ఊళ్ళు, ఎవరు ఎవర్ని ఎందుకు మోసం చేశారో అన్నీ చెప్పగలను. నా కష్టాన్ని సగం అనకండి.

నాటక కళాభిమాని
వినడం తక్కువ అంటే మనకి బుర్రకథ ఎక్కడినుంచి వచ్చిందండీ? మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, చేతికి అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు ఇద్దరు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఒక మాట అనగానే వంత "అదేమిటి, ఎందుకలా చేశాడు?" అని అడుగుతాడు. అది జనం మనసులో ఉన్న ప్రశ్న. మన తరఫున అడిగేవాడు వేదిక మీదే ఉన్నాడు కాబట్టి చదువు రానివాళ్ళు కూడా వేలమంది కదలకుండా కూర్చునేవారు. నాజర్ గారి కథ విన్నవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. పల్నాటి యుద్ధం చెబుతుంటే వెనక వరసల్లో మగవాళ్ళు లేచి నిలబడేవారట. ఆయనకి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. బుర్రకథలో ప్రశ్నలడిగే వంత అనే ఏర్పాటు చాలా గొప్పది, కథలు రాసేవాళ్ళందరూ ఒకసారి దాని గురించి ఆలోచించాలి.

కథన పరిశోధకుడు
వినడం, చదవడం మధ్య తేడా గురించి 2016లో అమెరికాలో రొగౌస్కీ బృందం ఒక పరీక్ష చేసింది. విన్నవాళ్ళకీ, తెర మీద చదివినవాళ్ళకీ, రెండూ ఒకేసారి చేసినవాళ్ళకీ అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే అది కల్పిత కథ కాదు, నిజ జీవిత గాథ. కాబట్టి ఇద్దరూ తగ్గండి.

పుస్తకప్రియ
తెర మీద చదివినవాళ్ళతో పోల్చారు, కాగితం మీద చదివినవాళ్ళతో కాదు. మీరే చెప్పారు.

తణుకు అమ్మమ్మ
అమ్మాయ్ బెజవాడా, నీ బాబు సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేను చెబుతా. ముగ్గురు మనవలకి కథలు చెప్పి పెంచాను, ఒక్కడూ మధ్యలో లేచి వెళ్ళలేదు. మొదటి షరతు, ఊ కొట్టాలి. వాడు ఊ అనకపోతే నేను ఆపేస్తాను. బతిమాలను, తిట్టను, ఊరికే ఆగుతాను. "తర్వాత?" అని వాడే అడుగుతాడు. ఊ కొట్టేవాడికి కథలో పని ఉంటుంది, అందుకే కదలడు.

రెండోది, చిన్నప్పుడు ఏడు చేపల కథ లాంటివి చెప్పు. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డం వచ్చింది, ఆవు మేయలేదు, గొల్లవాడు మేపలేదు, అలా చీమ దాకా. రెండోసారి చెప్పేటప్పుడు నువ్వు ప్రశ్న వెయ్యి, జవాబు వాణ్ని చెప్పనివ్వు. మూడోసారి కావాలనే ఆవుకి బదులు గేదె అను. ఎగిరి పడతాడు. తప్పు పట్టడం పిల్లలకి ఎంత ఇష్టమో! ఎనిమిదేళ్ళవాడికి అది చిన్న కథే, అయినా చెప్పి చూడు. తర్వాత దెయ్యాలూ రాజులూ మొదలుపెట్టు. చీకట్లో, లైటు తీసేసి చెప్పాలి. మొహాలు కనబడకూడదు.

డల్లాస్ నాన్న
అమ్మమ్మగారు చెప్పింది మా ఇంట్లో నిజమైంది. మా పాప ఇక్కడే పుట్టింది, వారాంతపు తెలుగు బడికి వెళ్తుంది. ఆవూ పులీ కథ చదివిస్తే ముఖం పక్కకి తిప్పుకుంది. పడుకునేటప్పుడు నేనే చెబుతూ, ఆవు దూడ దగ్గర వీడ్కోలు తీసుకునే చోట ఆగాను. "మళ్ళీ పులి దగ్గరికి వెళ్ళొద్దని చెప్పు డాడీ" అని ఏడ్చింది. మాట ఇచ్చింది కదమ్మా అంటే, పులికేం తెలుస్తుంది అని గంట వాదించింది. భాష సగమే వచ్చినా బాధ పూర్తిగా అందింది. మధ్యలో ఇంగ్లీషులో అర్థం చెబితే మాత్రం అక్కడితో తెగిపోతుంది. చెప్పకుండా సాగిస్తే తనే ఊహించుకుంటుంది. పుస్తకప్రియగారి పదాల పట్టిక గురించి చదివినప్పుడు ఇదే గుర్తొచ్చింది.

పాత చందమామలు
ఆగి ప్రశ్న వేయడం అంటే బేతాళ కథలే కదా! కథ అయ్యాక బేతాళుడు ప్రశ్న వేసేవాడు. విక్రమార్కుడి జవాబు చదవకముందే మేము పేజీ మూసి మా జవాబు చెప్పుకునేవాళ్ళం. మా నాన్నదీ నాదీ ఎప్పుడూ కలిసేది కాదు. ఆ శవాన్ని మోసుకెళ్ళే బొమ్మ వడ్డాది పాపయ్యగారిది, ఇప్పటికీ కళ్ళ ముందుంది.

బొమ్మల పిచ్చి
@పాత చందమామలు ఆ బొమ్మ వపాగారిది కాదు. శంకర్ గారిది. వపా ముఖచిత్రాలకి పేరుపడ్డారు. కత్తి, భుజం మీద శవం, శ్మశానం, అదంతా శంకర్ గీత. 2020లో పోయారాయన. బొమ్మ ఎవరిదో సరిగ్గా చెప్పండి దయచేసి, వాళ్ళ వల్లే కదా మనకి ఆ లోకం కనబడింది. రాజు గుర్రం, కోట గోడ, ఆడవాళ్ళ నగలు ప్రతి సంచికలో ఒకే తీరుగా ఉండేవి. మళ్ళీ మొదటినుంచి ఊహించుకునే పని లేకుండా నేరుగా కథలోకి దిగేవాళ్ళం.

సీరియల్ అభిమాని
చందమామ 1947 జూలైలో మొదలైంది. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావుగారు చూసుకున్నారు. అన్ని కథలూ ఒకే గొంతులో వినబడటానికి అదే కారణం. చిన్న వాక్యం, సాగదీత లేదు, వర్ణన అవసరమైనంతే. ఇప్పటి పిల్లల పుస్తకాల్లో చివర నీతి అచ్చువేసి మరీ చెబుతున్నారు. పిల్లలకి అక్కడే విసుగు.

పీలేరు అబ్బి
అదీ మామూలు తెలుగేలే. మా ఇంట్లో మా తాత అదే చందమామ కథని మా మాటల్లోకి మార్చి చెప్పేవాడు. అప్పుడే మాకు ఎక్కేది.

బెజవాడ పాఠకురాలు
అమ్మమ్మగారూ, రాత్రి లైటు తీసి చెప్పాను. గేదె అనగానే వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు! చీమ దాకా వాడే చెప్పాడు. రేపు దెయ్యం కథ కావాలట. నాకే ఒక్కటీ రాదు, ఎవరైనా పంపండి.

@పీలేరు అబ్బి, మీకు కోపం వచ్చిందని అర్థమైంది. పాఠకురాలిగా నాకు ఎదురైన ఇబ్బంది కూడా నిజమే. మిషన్ పని అక్క చెప్పినట్టు వింటే కుదురుతుందేమో. ఆ పుస్తకంలో మొదటి కథ మీ గొంతుతో చదివి పంపగలరా?

పీలేరు అబ్బి
పంపుతానక్కా. మా అమ్మ చేత చదివిస్తా, నాకంటే బాగా చదువుతుంది. రెండు సార్లు వినండి, మొదటిసారి పుస్తకం చేతిలో పెట్టుకోవద్దు.

కాగితం మనిషి
పాత కథలు వెతికేవాళ్ళు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం చూడండి. ఎప్పటెప్పటి పత్రికల కథలో అక్కడ ఉన్నాయి, నెట్‌లో కూడా పెట్టారు. నేను మాత్రం ప్రింట్ తీసుకునే చదువుతాను.

కరీంనగర్ బిడ్డ
అందరి దగ్గర అన్నీ ఉన్నయ్ గని, ఒగ్గుకథ మొత్తం రాత్రి రికార్డింగు ఎవరి దగ్గరన్న ఉందా? యూట్యూబ్‌ల దొరికేవన్నీ ముక్కలే. ఎల్లమ్మ కథ అయితే ఇంకా మంచిది.