అప్‌డేట్: నాన్నగారి కాథెటర్ పక్కనుంచి మూత్రం కారడం ఆగింది

ప్రోస్టేట్ పెరిగి మూత్రం బిగిసిపోవడం వల్ల, ఆపరేషన్‌కు గుండె అనుకూలించక, శాశ్వతంగా ఫోలీ కాథెటర్‌తో (లోపల నీటి బెలూన్‌తో మూత్రాశయంలో నిలిచి, మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టం) ఉంటున్న మా నాన్నగారికి గొట్టం పక్కనుంచి మూత్రం కారుతోందని, 18 సైజు తీసి 20 వేయించినా తగ్గలేదని, ఇక 22 వేయించాలా అని గత నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సైజు పెంచవద్దు, తగ్గించి పూర్తి సిలికాన్‌ది అడగమన్న సలహాయే చివరికి సరైనదైంది.

కారడానికి కారణం గొట్టం సన్నగా ఉండటం కాదని, లావు గొట్టమూ 30 మి.లీ. బెలూనూ ఒరుసుకోవడంతో మూత్రాశయం ఉండుండి బిగుసుకుని మూత్రాన్ని పక్కకు నెడుతోందని యూరాలజిస్ట్ చెప్పారు. తీసిన లేటెక్స్ (రబ్బరు) గొట్టం కొనను నాకు చూపించారు. బోరునీటి కుళాయికి సున్నం పట్టినట్టు తెల్లటి గరుకు పొర కట్టి, రంధ్రం సగం పూడిపోయి ఉంది. దాని స్థానంలో 10 మి.లీ. బెలూన్ ఉన్న 16 సైజు సిలికాన్ కాథెటర్ వేశారు. సైజు అంకెను మూడుతో భాగిస్తే బయటి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుందని, అదే సైజులో లేటెక్స్ కంటే సిలికాన్ గొట్టానికి లోపలి దారి వెడల్పని నాకు అప్పుడే తెలిసింది. మలబద్ధకం కూడా తోడైందని దానికి మందు రాశారు.

నేను గట్టిగా అనుమానించిన యూరిన్ బ్యాగ్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు. రెండు కంపెనీలవి అనవసరంగా కొన్నాను. మూడు వారాలుగా పక్కబట్ట తడవలేదు. తర్వాతి మార్పు 12 వారాలలోపు, మళ్లీ పొర కడితే ఇంకా ముందే చేయాలన్నారు.