హబుల్ తర్వాత అతినీలలోహితం చూడాలంటే: ఒక మీటరు మనమే కడదామా, ఆరు మీటర్ల కోసం ఆగుదామా?

తీరం_వెన్నెల
నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో మా నక్షత్రాల బృందం మధ్య మొదలైన వాదన ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 300 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతిని ఓజోన్ పొర కిందికి రానివ్వదు. టెలిస్కోపు కైలాసగిరి మీద పెట్టినా, లంబసింగి కొండల మీద పెట్టినా అది అందదు, అంతరిక్షానికి వెళ్లాల్సిందే. ఇన్నాళ్లూ ఆ పెద్ద పని మోస్తున్న హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 1990లో వెళ్లింది. 2024 జూన్ నుంచి, గురి నిలిపే గైరోస్కోపు ఒక్కదాని మీదే నడుస్తోంది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఒక మీటరు అద్దంతో ‘ఇన్‌సిస్ట్’ అనే టెలిస్కోపును ప్రతిపాదించింది. నాసా అనుకుంటున్న హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ దాదాపు 6 మీటర్లది, 2040లలో గానీ ఎగరదు. నా ఓటు ఇన్‌సిస్ట్‌కే.

సింధియా_దుర్భిణి
నా ఓటు ఆగడానికే అమ్మా. వ్యాసం 6 రెట్లయితే పట్టే వెలుతురు 36 రెట్లు. కానీ నా అసలు మాట అది కాదు. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం 2015 సెప్టెంబరు 28న వెళ్లింది. అందులో యూవిట్ టెలిస్కోపుకి ఉన్న సమీప అతినీలలోహిత విభాగం 2018లో ఆగిపోయింది. రెండున్నరేళ్లు! పైకెళ్లి బాగుచేసే మనిషి లేడు. హబుల్‌ని 1993 నుంచి 2009 దాకా ఐదుసార్లు వెళ్లి బాగుచేశారు, అందుకే నిలబడింది. ఆ ఆరు మీటర్లదాన్ని కూడా పైనే మరమ్మతు చేసే వీలుండేలా కట్టాలనుకుంటున్నారు. ముందు మరమ్మతు సంగతి చెప్పండి, తర్వాత అద్దం సంగతి.

గాజువాక_గణేష్
జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

తీరం_వెన్నెల
వెబ్ అద్దానికి బంగారు పూత. పరారుణానికి అది బ్రహ్మాండం, అతినీలలోహితాన్ని మాత్రం తిప్పి పంపదు. వెబ్ చూసేది 0.6 మైక్రాన్ల నుంచి, అంటే 600 నానోమీటర్ల నుంచి పైకే. వేడి నక్షత్రాలు, అప్పుడే పుడుతున్న నక్షత్రాలు, గ్రహాల నుంచి ఎగిరిపోయే హైడ్రోజన్, వీటి కబుర్లన్నీ అంతకన్నా కిందే ఉంటాయి. హైడ్రోజన్‌ని గుర్తుపట్టించే కాంతి గీత 121.6 నానోమీటర్ల దగ్గర పడుతుంది.

బాబాయ్ గారూ, ఆగింది ఒక విభాగమే. దూర అతినీలలోహిత విభాగం ఆ తర్వాత కూడా పనిచేసింది. ఐదేళ్లకని పంపిన ఉపగ్రహం పదేళ్లు దాటింది. పైగా యూవిట్‌లోని 37.5 సెంటీమీటర్ల అద్దం ఒక్క చూపులో దాదాపు నిండు చంద్రుడంత ఆకాశాన్ని పడుతుంది. హబుల్ అతినీలలోహిత కెమెరా చూపు దానిలో 80వ వంతు కూడా ఉండదు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్ర అతినీలలోహిత కాంతిని పట్టింది మన యూవిటే. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా నాయకత్వంలోని బృందం 2020లో ప్రకటించింది. అందుకు పట్టిన పరిశీలన 28 గంటలు. చిన్న అద్దం, పెద్ద పని.

సింధియా_దుర్భిణి
ఆగిపోయిన విభాగం ఎందుకు ఆగింది? దానికి జవాబు రాలేదు.

కంచరపాలెం_కుర్రాడు
ముందు మన డాబాల మీద పడే బొగ్గు దుమ్ము సంగతి ఎవరైనా చూడండి.

సింధియా_దుర్భిణి
తమ్ముడూ, దుమ్ము మాటెత్తావు కాబట్టి చెబుతాను. ఓడల దుర్భిణులు, సెక్స్‌టెంట్లు బాగుచేసే షాపులో 22 ఏళ్లు పనిచేశాను. మన సముద్రపు గాలికి కటకం లోపల బూజు పడుతుంది. మొదట కనబడదు. టేబుల్ లైటు కింద ఏటవాలుగా పెట్టి చూస్తే సాలెగూడులా సన్నటి పోగులు. తుడిస్తే పోతుందనుకుంటారు, కానీ అప్పటికే అది పూతను తినేసి ఉంటుంది. ఒకసారి కొత్త కుర్రాడు ప్రిజంని వేలితో ముట్టుకుని, ఏమీ కాలేదనుకుని బిగించేశాడు. ఆరు నెలలకి ఆ వేలిముద్ర గాజు మీద చెక్కినట్టు తేలింది. ఓడ యజమాని నా జీతంలోంచి డబ్బు కోయించాడు. తప్పు నాది కాదు. చేతిలో ఉన్న వస్తువుకే ఇంత కష్టమైతే, అందని ఎత్తులో ఉన్నదానికి ఎవరు జవాబుదారీ?

తీరం_వెన్నెల
మీరన్నది అతినీలలోహితంలో ఇంకా నిజం. అల్యూమినియం అద్దానికి గాలి తగిలి ఆక్సైడు పొర పడితే చాలు, పొట్టి తరంగాలు తిరిగిరావు. అందుకే పైన మెగ్నీషియం ఫ్లోరైడు లాంటి పూత వేస్తారు. ఇక జిగురు నుంచో, ప్లాస్టిక్ నుంచో ఆవిరైన జిడ్డు అద్దం మీద చేరి, సూర్యుడి అతినీలలోహితం తగిలితే అక్కడే గట్టిపడిపోతుంది. యూవిట్ పైకి వెళ్లాక దాదాపు రెండు నెలలు మూతలు తెరవలేదు, ఉపగ్రహంలోని ఆవిరంతా బయటికి పోయాకే తెరిచారు. మీ షాపులో నేర్పే జాగ్రత్తే అది. అది తెలిసినవాళ్లు మనకున్నారనే కదా నేను చెబుతున్నది!

సింధియా_దుర్భిణి
మనకున్నారు, మనకున్నారు. ఎవరికమ్మా? క్లాసులో బోర్డు మీద రాసే మీకేం తెలుసు, స్క్రూ తిప్పినవాడి బాధ? ఆ యూవిట్‌లో కాంతిని పట్టే డిటెక్టర్లు కెనడా సహకారంతో వచ్చినవి కాదా? పేరు మనది, గుండెకాయ వాళ్లది.

తీరం_వెన్నెల
నాకేం తెలుసా? చెబుతాను. నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి యూవిట్ సమాచారం తీసుకుంటానంటే మా గైడు ‘అవి బెంగళూరు, పుణె వాళ్ల పనులు, నువ్వు లేజర్ ప్రయోగం చేసుకో’ అన్నారు. ఆ ఫైళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి, ఇస్రో భాండాగారం నుంచి దించుకుని, రాత్రుళ్లు ఒక్కదాన్నే కూర్చుని నేర్చుకున్నాను. మొదటి చిత్రం సరిగా రావడానికి నాలుగు నెలలు పట్టింది, అడగడానికి ఒక్క మనిషి లేడు. ఇప్పుడు నా క్లాసులో పన్నెండుమంది పిల్లలున్నారు. 2040ల దాకా ఆగమని వాళ్లకి నేనెలా చెప్పను? ఆరు మీటర్ల టెలిస్కోపు మీద సమయం కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది. ఆ క్యూలో మా కాలేజీ ఎక్కడుంటుంది?

రుషికొండ_లక్ష్మి
వెన్నెల గారూ, మా అమ్మాయి ఇంటర్. ఆ పన్నెండుమందితో కూర్చోనిస్తారా?

సింధియా_దుర్భిణి
కోపంలో అన్న ఆ బోర్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నా సంగతీ వినండి. మావాడు ఆప్టిక్స్‌లో డిప్లొమా చేశాడు. పూతల పనిలో వాడి చెయ్యి నాకన్నా నిలకడ. ఇక్కడ పని దొరక్క సెల్‌ఫోన్ల షాపులో గ్లాసులు అతికిస్తున్నాడు. మీ పిల్లలకి చూడడానికి చిత్రాలు కావాలి, సరే. మావాడికి చెయ్యడానికి అద్దం కావాలి. ఆరు మీటర్లదైనా ఒక మీటరుదైనా, డిటెక్టరూ పూతా బయటినుంచి తెచ్చి ఇక్కడ బిగిస్తే వాడికి ఒరిగేదేముంది? అలా అయితే పెద్దదానికోసమే ఆగుదాం, కనీసం వెలుతురైనా 36 రెట్లు వస్తుంది.

తీరం_వెన్నెల
ఇది మొదటే అని ఉంటే ఈ రెండు రోజులూ 2018 గురించి కొట్టుకునేవాళ్లం కాదు. ఈలోగా ఇజ్రాయెల్ అతినీలలోహిత టెలిస్కోపు అల్ట్రాశాట్ ఒకేసారి 204 చదరపు డిగ్రీల ఆకాశాన్ని చూడబోతోంది, నాసా అలాంటిదే యూవెక్స్‌ని 2030కి అనుకుంటున్నారు. వాళ్లు ఆగడం లేదు. యూవిట్‌ని కూర్చింది మన బెంగళూరు దగ్గరి హొసకోటెలోని శుభ్ర గదిలోనే. కూర్చడం వచ్చినప్పుడు తయారీ కూడా అడగాలి, అడుగుదాం. కానీ టెలిస్కోపే వద్దంటే మీవాడు ఎక్కడ నేర్చుకుంటాడు?

సింధియా_దుర్భిణి
వద్దనలేదు. డిటెక్టరు మనమే చెయ్యాలన్న షరతు కాగితం మీద ఉంటే మీ వైపు వస్తాను, లేకపోతే రాను.

లక్ష్మి గారి అమ్మాయితో పాటు మావాణ్నీ ఒకరోజు కూర్చోబెట్టండి. రోజూ రాత్రి తొమ్మిదికి షాపు మూస్తాడు.