అభయారణ్యంలో రోడ్డు ప్రమాదాలు: రాత్రి రాకపోకలు ఆపడం ఒక్కటే మార్గమా?

ప్రశ్న:
అభయారణ్యం మధ్యగా పోయే రహదారిలో నేను తరచూ ప్రయాణిస్తుంటాను. “వన్యప్రాణులు దాటే చోటు, నెమ్మదిగా వెళ్ళండి” అన్న బోర్డు కిందనే మొన్న ఒక నక్క చచ్చి పడి ఉంది. బండ్లు దాని మీదుగా పోతూనే ఉన్నాయి. రాత్రిపూట రహదారిని మూసివేయడం తప్ప వేరే ఉపాయం లేదా? మూసివేస్తే ఆసుపత్రికి వెళ్ళవలసినవారి మాటేమిటి?

మొదటి జవాబు:
అసలు చిక్కు వెలుతురుతోనే ఉందండీ. డిమ్ లైటుతో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు, డ్రైవరు జంతువును గమనించి బ్రేకు తొక్కి పూర్తిగా ఆపేలోగా పొడి రోడ్డు మీద కూడా 70 మీటర్ల వరకు సాగిపోతుంది. ఆ లైటుకు స్పష్టంగా కనిపించేది అందులో సగం దూరానికి కాస్త ఎక్కువ, అంతే. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 25 మీటర్ల చుట్టుపక్కల ఆగవచ్చు. పైగా కళ్ళలో వెలుగు పడ్డ దుప్పి చాలాసార్లు పరుగెత్తదు, కొయ్యబారి నిలబడిపోతుంది. కాబట్టి వేగాన్ని డ్రైవర్ల మంచితనానికి వదిలిపెట్టకూడదు. లోపలికి వచ్చిన సమయాన్ని చీటీ మీద రాసిచ్చి, అవతలి చెక్‌పోస్టులో సరిచూస్తే చాలు: 20 కిలోమీటర్ల దారిని అరగంట కన్నా ముందే దాటినవారు 40 మించి నడిపినట్టే.

రెండో జవాబు:
చీటీ వల్ల దుప్పులు బతుకుతాయేమో గానీ, రాత్రి వెచ్చగా ఉన్న తారు మీదికి చేరే పాములను 40లో వెళ్ళే టైరు కూడా నలిపేస్తుంది. కర్ణాటకలోని బందీపూర్ పులుల అభయారణ్యంలో 2009 నుంచి రాత్రి 9 మొదలు ఉదయం 6 వరకు రాకపోకలను ఆపుతున్నారు. అంబులెన్సులకూ కొన్ని బస్సులకూ మినహాయింపు ఉంది కనుక మీ రెండో సందేహానికి జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ దారికి అవతల, కేరళలోని వయనాడ్ వైపు ప్రజల అభ్యంతరం ఇప్పటికీ తీరలేదు, వారి ఇబ్బందినీ కాదనలేం. అయినా చుట్టుదారి ఉన్నచోట మూసివేతే మేలని నా అభిప్రాయం.

మూడో జవాబు:
చుట్టుదారి లేనిచోట మధ్యప్రదేశ్, మహారాష్ట్రల సరిహద్దులోని పెంచ్ పులుల అభయారణ్యాన్ని చూడాలి. అక్కడ 44వ జాతీయ రహదారిని మహారాష్ట్ర వైపు స్తంభాల మీదికి ఎత్తి, జంతువులు కింద నుంచి దాటేలా 9 మార్గాలు కట్టారు. వాటిలో ఒకటి దాదాపు 750 మీటర్ల పొడవుంటుంది. కెమెరాలకు పులులు కూడా చిక్కాయి. అయితే ఇరువైపులా కంచె వేసి జంతువులను ఆ దారికి మళ్ళించకపోతే, అవి అలవాటు కొద్దీ రోడ్డే ఎక్కుతాయి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. నేను వెళ్ళే దారిలో సమయం రాసిన చీటీ ఇస్తూనే ఉన్నారు. అవతలి చెక్‌పోస్టులో దాన్ని ఎవరూ అడగకపోవడంతో, అది దేనికో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.